బధిర శిశువు తల్లికి తోడెవ్వరు?

కాలి అవిటితనము బిడ్డ నడక నేర్చు వేళకే బయటపడును. చూపు లేమి తల్లి కన్నులకు తొలినెలలలోనే తెలియును. బధిరత్వము మాత్రము ఏ బాహ్యచిహ్నమును లేక, నవ్వుచు, కేరింతలు కొట్టుచు, తల్లి ముఖమును చూచి చేతులు చాచుచున్న పసిబిడ్డలో నెలల తరబడి దాగియుండును. పుట్టుచెవిటి బిడ్డ కూడ మొదట ఇతర శిశువులవలెనే ఏడ్చును, ఊ కొట్టును. కనుక ఇంటివారికి అనుమానము కలుగుటకే తరచు ఏడాది గడచును, ఆ అనుమానము నిశ్చయమగుటకు మరి యొక ఏడాదియో రెండేండ్లో పట్టును. సిరిసిల్లలో మరమగ్గముల హోరు నడుమ పెరుగు బిడ్డ చప్పుడుకు ఉలికిపడకున్నచో అది అలవాటు పడుటయేనని తోచును. జగిత్యాల పల్లెలో నాయనమ్మ, “వీని నాయినకు గూడ మాటలు ఆలస్యంగనే వచ్చినయి, ఫికరు జెయ్యకు” అని కోడలికి ధైర్యము చెప్పును. ఆపైన వేములవాడ రాజన్నకు కోడెమొక్కు, కొండగట్టు అంజన్నకు ముడుపు, బాసరలో అక్షరాభ్యాసము వరుసగా నడచును. దిక్కు తోచని తల్లికి ఊరటనిచ్చు ఆ మొక్కులను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ఐతే ఆ నిరీక్షణలో గడచిపోవు కాలము మాత్రము బిడ్డకు మరల దొరకునది కాదు.

ఏలయన, భాషను గ్రహించు శక్తిని మనుష్యుని మెదడు జీవితమంతయు ఒక్క రీతిగా నిలుపుకొనదు. మొదటి మూడు నాలుగు సంవత్సరములలో చుట్టును భాష ప్రవహించుచుండగా బిడ్డ దానిని శ్రమ లేకుండ అందుకొనును. ఆ ప్రవాహము చెవి ద్వారమునను రాక, సైగల రూపమున కంటి ద్వారమునను రాక నిలిచిపోయినచో, తరువాత ఎంత విద్య గరపినను ఆ లోటు పూర్తిగా పూడదు. 1998లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున క్రిస్టీన్ యోషినాగా-ఇటానో అను విదుషి, ఆమె సహచరులు వినికిడి లోపము గల 150 మంది పిల్లలను పరిశీలించి ప్రకటించిన సంగతి ఇదియే: లోపము ఎంత తీవ్రమైనదైనను, ఆరు నెలల వయస్సు నిండకముందే గుర్తింపబడి సహాయమందిన పిల్లలు, ఆలస్యముగా గుర్తింపబడినవారికంటె భాషలో స్పష్టముగా ముందుండిరి. నెల లోపల పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల సహాయము అను నియమమును నేడు వైద్యలోకము అంగీకరించియున్నది. పరీక్షయు దుస్సాధ్యమైనది కాదు. ఆరోగ్యవంతమైన లోపలిచెవి తాను విన్న ధ్వనికి ప్రతిగా అతిసూక్ష్మమైన ధ్వనిని వెలువరించునని లండనులో డేవిడ్ కెంప్ 1978లో కనుగొనెను. ఆ ధర్మము నాధారముగా చేసికొనిన ఓఏఈ పరీక్షకు, నిద్రించు శిశువు చెవిలో చిన్న గొట్టమునుంచి కొన్ని నిమిషములు వేచియున్న చాలును. అందు సందేహము కలిగినచో, ధ్వనికి శ్రవణనాడి స్పందించుటను కొలుచు బెరా పరీక్ష దానిని తీర్చును.

ఇక కారణముల మాట. కొందరికి లోపము వంశానుగతముగా వచ్చును, మేనరికపు పెండ్లిండ్లలో దానికి అవకాశము హెచ్చు. కొందరికి గర్భిణి యగు తల్లికి సోకిన రుబెల్లా వలన, నెలలు నిండక పుట్టుట వలన, పసితనపు తీవ్రమైన కామెర్ల వలన, మెదడువాపు వలన వచ్చును. రుబెల్లాను అడ్డగించు టీకా 2017 ఆగస్టులో తెలంగాణమంతట పిల్లలకు వేయబడెను; ఇట్టి ప్రయత్నములు కొనసాగినకొలది కొన్ని కారణములు తొలగగలవు. కాని మన యిండ్లలో కారణాన్వేషణము వైద్యుని యొద్దనుగాక వాకిటిలోనే ముగియుచున్నది. మేనరికము ఇరుపక్షముల పెద్దలు కూర్చుండి కుదిర్చినదైనను, నింద మాత్రము తల్లి యొక్కతెకే దక్కుచున్నది. బిడ్డకు వినబడదన్న వార్తతో గుండె చెదరిన స్త్రీ, అది తన గర్భదోషమను మాటను గూడ మోయుచు, పరీక్షకు, శిక్షణకు, కార్యాలయములకు తిరుగవలసి వచ్చుచున్నది. అందుచేత బధిర శిశువునకు చేయదగిన మొదటి ఉపకారము, ఆ తల్లికి తోడు నిచ్చుటయే యని నేను విన్నవించుచున్నాను.

ప్రభుత్వము చేయుచున్నది స్వల్పమని ఎవ్వరును అనజాలరు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండుమారులు వచ్చి పిల్లలను చూడవలెను. పుట్టుకతో వచ్చు బధిరత్వము వారు వెదుకవలసిన లోపములలో నొకటి. అనుమానము గల బిడ్డను జిల్లా కేంద్రమందలి సత్వర చికిత్సా కేంద్రమునకు పంపవలెను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద, ఉమ్మడి రాష్ట్రపు దినములనుండియే, లోపలిచెవిలో విద్యుత్ తంత్రులను అమర్చు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స పేదపిల్లలకు లభించుచున్నది. ఉపకరణముల నిచ్చు కేంద్రప్రభుత్వపు అడిప్ పథకము 2014లో సవరింపబడి, ఇదే శస్త్రచికిత్సకు బిడ్డ యొక్కింటికి 6 లక్షల రూపాయలవరకు వ్యయమును భరింప నారంభించెను. హైదరాబాదులో పుట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండిన అలీ యావర్ జంగ్ పేర 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాదు మనోవికాస నగరమున ప్రాంతీయ కేంద్రము కలదు. అచ్చట పరీక్షలును, యంత్రములును, శిక్షణయు దొరకును. వైకల్యమును నిర్ధారించు సదరం శిబిరమున ధ్రువపత్రము పొందినవారికి, 2014లో ఆసరా పేర ప్రారంభమై 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగిన పింఛను కలదు. మండలములందు భవిత కేంద్రములును, వానిలో ప్రత్యేకావసరములు గల పిల్లలకు బోధించు ఐఈఆర్పీలును కలరు. కరీంనగరమున బధిరుల ఆశ్రమ పాఠశాల కలదు.

ఇన్ని యుండియు తల్లి ఒంటరిగా నున్నదన్న నెట్లు? ఈ సహాయములలో ప్రతి యొక్కటియు తన వాకిట తాను నిలిచియుండును. ఒక వాకిటినుండి మరియొక వాకిటికి దారి చూపువాడు లేడు. పరీక్ష వైద్యశాఖది, అంగన్‌వాడి స్త్రీ శిశు సంక్షేమ శాఖది, భవిత కేంద్రము విద్యాశాఖది, యంత్రము దివ్యాంగుల సంక్షేమ శాఖది. బిడ్డ మాత్రము ఒక్కడే, వానిని చంక నెత్తుకొని తిరుగు తల్లియు నొక్కతెయే. ఇంతకంటె గంభీరమైన లోపము మరియొకటి కలదు. విద్యాహక్కు చట్టము ఆరేండ్లు నిండిన బిడ్డతో ప్రారంభమగును. 2016లో పార్లమెంటు ఆమోదించి 2017 ఏప్రిలునుండి అమలునకు తెచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము గూడ, నలుబది శాతమో అంతకు మించియో లోపము గల పిల్లలకు ఉచితవిద్యను ఆరు మొదలు పదునెనిమిది ఏండ్లవరకు హక్కుగా చేసెను. భాషాబీజము మొలకెత్తు ఋతువు ఆ ఆరేండ్లకు ముందే చాలవరకు ముగియుచున్నది. బిడ్డకు మిక్కిలి అవసరమైన కాలమున చట్టము వేచియుండుడనుచున్నది. చట్టము తలుపు తెరచునప్పటికి, ఏ భాషయు లేని బాలుడు బడి గడప నెక్కుచున్నాడు. ఆ బాలుని ముందు ఉపాధ్యాయుడెంతటి సమర్థుడైనను ఏమి చేయగలడు?

ఉత్తర తెలంగాణమున ఈ ఒంటరితనమునకు ప్రత్యేకమైన రూపములు కొన్ని కలవు. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములలో వేలాది యిండ్ల మగవారు దుబాయి, మస్కట్, దోహాలలో కూలిపనికి పోయియున్నారు. నెలనెల పైకము వచ్చును గాని, బిడ్డను ఆస్పత్రికి తీసికొనిపోవు తండ్రి రాడు. ఇంటనున్న తల్లి చేటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టును. ఆమె కూలి చుట్టిన వేల లెక్కన గాని గడచిన గంటల లెక్కన రాదు. స్పీచ్ థెరపీకై పట్నము పోయిన దినము ఆమెకు కూలి లేని దినము. మహాలక్ష్మి పథకము 2023 డిసెంబరునుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సు ప్రయాణము నుచితము చేసి చార్జీల భారమును తీర్చిన మాట నిజమే. పోయిన పూటను ఏ పథకము తిరిగి ఇచ్చును? కరీంనగరము హైదరాబాదునకు నూట అరువది కిలోమీటర్ల దూరమున నున్నది, ఆదిలాబాదు మూడువందల కిలోమీటర్ల దూరమున నున్నది. శస్త్రచికిత్స యొక్కమారు జరుగును. కాని అది ఆరంభమే. కోసి అమర్చిన తంత్రులు కొన్ని వారముల తరువాత పనిచేయ మొదలుపెట్టును; ఆ బిడ్డకు ఏది చప్పుడో, ఏది మాటయో, ఏది తన పేరో సంవత్సరముల తరబడి నేర్పవలెను; యంత్రమును మరల మరల సరిచేయించవలెను; చెవి వెనుక ధరించు ప్రాసెసరు తీగ తెగినను, బ్యాటరీ తీరినను బిడ్డ తిరిగి నిశ్శబ్దములో పడును. ఆ మరమ్మతుల వ్యయమునకు వెరచి యంత్రమును పెట్టెలో దాచినచో, లక్షలు వెచ్చించి చేసిన చికిత్స వ్యర్థమైనట్లే.

ఆదిలాబాదు, కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాల అడవిపల్లెలలో మరియొక చిక్కు కలదు. అచ్చట ఇంటిభాష గోండి, కొలామి, లంబాడి, మరాఠీ. ఆస్పత్రి భాష తెలుగు. చీటీమీది భాష ఇంగ్లీషు. బిడ్డతో ఏ భాష మాటాడవలెనో తెలియని తల్లికి, తన భాష విడిచి తెలుగులోనే మాటాడుమని ఎవరైన సలహా యిచ్చినచో, ఆమె తనకు రాని మాటలకై తడుముకొని, క్రమముగా బిడ్డతో మాటాడుటయే మానివేయును. తల్లికి స్వాధీనమైన భాషయే బిడ్డకు మేలు చేయును. కథయు, కోపమును, లాలనయు, పరిహాసమును ఆ భాషలోనే ఆమెకు సహజముగా వచ్చును. అంతియేగాక, మాటను శిశువు యంత్రమునుండి నేర్వడు. యంత్రము అందించు ధ్వనిద్వారా మనుష్యులనుండి నేర్చును.

ఇచ్చట ఒక పాతవివాదమును స్పృశింపక తప్పదు. బధిరులకు మాటనే నేర్పవలెనని కొందరును, సైగలభాషయే వారి సొంతభాష యని కొందరును శతాబ్దమునకు పైగా వాదులాడుచున్నారు. 1880లో ఇటలీలోని మిలాను నగరమున సమావేశమైన బధిరవిద్యా మహాసభ పాఠశాలలనుండి సైగలను బహిష్కరింపవలెనని తీర్మానించెను. 2010లో కెనడాలోని వాంకూవరున అదే మహాసభ, ఆ తీర్మానమువలన కలిగిన హానికి విచారమును ప్రకటించెను. ఈ నడుమ నూట ముప్పది ఏండ్లలో ఎన్ని తరముల పిల్లలు చేతులు కట్టుకొని కూర్చుండిరో ఎవరు లెక్కింతురు? మన దేశమున 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము నెలకొల్పబడి, 2018లో మూడువేల పదములతో వెలువరించిన నిఘంటువును 2021 నాటికి పదివేల పదములకు పెంచెను. సైగలు నేర్చిన బిడ్డకు మాట రాదను భయము మన తల్లులలోను, కొందరు వైద్యులలోను కూడ కలదు. భాష యేదైనను ఒకటి వేళకు కుదిరినచో అది రెండవదానికి ఆధారమగును గాని అడ్డుగోడ కాజాలదు. శస్త్రచికిత్సకై నెలల తరబడి వరుసలో వేచియున్న బిడ్డ, ఆ నెలలలో తల్లితో ఆకలి, నొప్పి, భయము చెప్పుకొనుటకు నాలుగు సైగలైనను నేర్వకూడదా? ఏ పక్షమును స్వీకరింపవలెనో తల్లిదండ్రులే నిర్ణయింపవలెను. ఆ నిర్ణయము చేయుటకు వారికి రెండు పక్షముల పిల్లలును కనబడవలెను. బధిర శిశువులలో నూటికి తొంబదిమందికి పైగా వినగల తల్లిదండ్రుల కడుపున పుట్టినవారే. ఆ తల్లిదండ్రులలో అనేకులు తమ బిడ్డకంటె ముందు బధిరుడైన పెద్దమనిషి నొక్కనిని గూడ ఎరుగరు. పనిచేసికొనుచు, పెండ్లాడి పిల్లలను పెంచుచున్న బధిరుని ఒకమారు చూచినచో, వేయి ధైర్యవచనములు చేయలేని పని జరుగును. బధిరులే ముందు నిలిచి నడుపుచున్న డెఫ్ ఎనేబుల్డ్ ఫౌండేషన్ వంటి సంస్థలు హైదరాబాదున నున్నవి. వాని అనుభవము ఉత్తర జిల్లాల మండలములకును చేరవలెను.

తల్లినే గురువుగా చేయుట కొత్త సంగతి కాదు. తన కుమారుడు బధిరుడని తెలిసికొనిన లూయీస్ ట్రేసీ అను అమెరికా మహిళ, తాను నేర్చినదానిని ఇతర తల్లులకు అందింపదలచి 1942లో లాస్ ఏంజెలెస్‌లో నొక కేంద్రము స్థాపించెను. అచ్చటినుండి ఉచితముగా తపాలాలో వెళ్లిన పాఠములు దూరదేశముల తల్లులకు కూడ చేరెను. మన పొరుగున చెన్నపట్టణములో 1969లో వెలసిన బాలవిద్యాలయ పసిబిడ్డతో పాటు తల్లిని గూడ బడిలో కూర్చుండబెట్టి నేర్పుచున్నది. 1965లో మైసూరున ఏర్పడిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ తల్లులకు శిక్షణ నిచ్చుచున్నది. కేరళము 2012లో శ్రుతితరంగం పేర శస్త్రచికిత్సను, దాని తరువాతి శిక్షణను ఒకే పథకమున జోడించెను.

ఇంతదూరము పోనేల? మన ఆదిలాబాదులోనే అంతకంటె గొప్ప ఉదాహరణము కలదు. గోండు వీరుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగిన పిదప, నిజాం ప్రభుత్వము గోండుల స్థితిని విచారింప నియోగించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రమును తెరచి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చి, గోండి భాషలోనే వాచకములను సిద్ధపరపించెను. బిడ్డ యే భాషలో బ్రతుకుచున్నాడో ఆ భాషలోనే విద్య మొదలు కావలెననియు, దానిని నేర్పువారు ఆ సమాజమునుండియే లేచిరావలెననియు ఆ కుగ్రామము ఎనిమిది దశాబ్దములకు పూర్వమే నిరూపించినది. బధిర శిశువు విషయమున మనము చేయవలసినదియు ఇదియే. ఇచ్చట ఆ సమాజమనగా అనుభవము గల తల్లులును, పెద్దలైన బధిరులును.

కనుక నా ప్రతిపాదనలు మూడు. మొదటిది, ప్రతి ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలోను తల్లి ఇంటికి పోవుటకు ముందే శిశువు చెవిని పరీక్షించి, ఫలితమును ఆమె చేతిలోని టీకా కార్డుపైననే వ్రాయవలెను. పరీక్షలో తేలని బిడ్డను వెంటాడి మరల పరీక్షకు రప్పించు బాధ్యత పేరు చెప్పగల ఒక ఉద్యోగిపై నుండవలెను. రెండవది, భవిత కేంద్రములను ఆరేండ్ల పిల్లలకై వేచియుండనీయక పుట్టిన నాటినుండి తెరచి, నెలకు రెండు దినములైన తల్లులకు ప్రత్యేకింపవలెను; ఆ దినములలో స్పీచ్ థెరపిస్టు జిల్లా కేంద్రమునుండి అచ్చటికే రావలెను, సంజ్ఞాభాష నేర్పు బధిరు డొకడు రావలెను, తల్లికి ఆనాటి కూలి చెల్లింపవలెను. మూడవది, బిడ్డను పెంచి ముందుకు తెచ్చిన తల్లులలో మండలమున కొకతెను గౌరవవేతనముపై తోడుతల్లిగా నియమింపవలెను. సదరం శిబిర మెన్నడో, ప్రాసెసరు మరమ్మతునకు ఎవరిని అడుగవలెనో, ఏ కాగితము ఏ బల్లపై నుంచవలెనో ఆమె చెప్పగలదు, రాత్రివేళ ఫోనులో ఏడ్చు కొత్త తల్లి మాటను ఆమె వినగలదు. ఊరూర మహిళాసంఘములున్న రాష్ట్రమిది. ఇందిరా క్రాంతి పథము కింద దివ్యాంగులకు సంఘములు కట్టించిన అనుభవమును మనకున్నది. కొత్త కట్టడములు లేవదీయ నక్కరలేదు.

ఇందుకు డబ్బెక్కడిదని అడుగువారుందురు. ఒక్క శస్త్రచికిత్సకు లక్షలు వెచ్చించుటకు వెనుదీయని ప్రభుత్వము, ఆ శస్త్రచికిత్స ఫలించుటకు కావలసిన శిక్షణకు వెనుదీసినచో, అది పొదుపు కాదు, వృథావ్యయము. పుట్టుచెవిటి పిల్లలు ఊరి కొకరిద్దరే కదా, ఇంత యేర్పాటు వారికై యేల యని మరికొంద రనవచ్చును. ఒక ఊరిలో ఒక్కరే యుండుట చేతనే ఆ కుటుంబము ఒంటరిదైనది. పదియూళ్ల కుటుంబములను ఒకచోట కూర్చుటకే ప్రభుత్వమును, మండలమును ఉన్నవి. పిల్లలను ఆశ్రమ పాఠశాలకు పంపిన చాలునని మూడవవా రందురు. ఆశ్రమ పాఠశాల యావశ్యకమే, అచ్చట తోటి బధిరులతో కలిసి పిల్లలు భాషను పొందుదురు. కాని సెలవులకు ఇంటికి వచ్చిన కుమారునితో తల్లి నాలుగు మాటలు పలుకలేక, అన్నము పెట్టి చూచుచు కూర్చుండుట ఏ పాఠశాలయు మాన్పలేని దుఃఖము. అతని భాషను ఆమె గూడ నేర్చుకొనవలెను.

తల్లిదండ్రులకు నేను చెప్పదలచినది స్వల్పము. ఆరు నెలల బిడ్డ వెనుకనుండి పిలిచినపుడు తల త్రిప్పకున్నను, ఏడాది బిడ్డ ఒక్క మాటయు పలుకకున్నను, రెండవ పుట్టినరోజు వరకు ఆగవలదు. మొక్కు మ్రొక్కుకొనుడు, అదే వారమున పరీక్షయు చేయించుడు. పరీక్ష ఫలితమేదైనను బిడ్డతో మాటాడుట మానకుడు. ముఖము చూపి, చేతులు కదల్చి, వస్తువును చూపి మాటాడుడు.

ప్రభుత్వమునకు చెప్పదలచినది ఇంకొకటి. ప్రతి సంవత్సరము మార్చి 3న వినికిడి దినమునాడు ఎన్ని యంత్రములు పంచితిమో, ఎన్ని ధ్రువపత్రములిచ్చితిమో అంకెలు ప్రకటించుట మనకు అలవాటు. ఆ అంకెల సరసన మరియొక అంకెను గూడ ఇకమీదట ప్రతి జిల్లా కలెక్టరు ప్రకటింపవలెను: ఈ సంవత్సరము మా జిల్లాలో ఐదేండ్లు నిండిన బధిర శిశువులెందరు, వారిలో తన కడుపునొప్పిని తల్లికి చెప్పుకొనగలిగినంత భాషతో బడికి వచ్చినవారెందరు? నోటి మాటయో, సైగయో, గోండియో, తెలుగో ఆ లెక్కకు పట్టింపు లేదు. ఆ రెండు సంఖ్యల నడుమ నున్న అంతరము ఏటేట తగ్గుచున్నచో పథకములు పనిచేయుచున్నవనియు, తగ్గకున్నచో ఎన్ని లక్షలు వ్యయమైనను తల్లి ఇంకను ఒంటరిగానే యున్నదనియు మనము తెలిసికొనవచ్చును.